వేగవంతమగు ఈథర్‌నెట్ కార్డు: దాని అమరికయు, నిర్వహణమును

ఈ సంవత్సరము మన కంప్యూటరు శాలలోని సర్వరునకు పది గిగాబిట్టుల ఈథర్‌నెట్ కార్డు నొకదానిని అమర్చితిమి. ఆ పని జరిగిన రెండు దినములును పై తరగతుల విద్యార్థులు చుట్టును నిలిచి పెక్కు ప్రశ్నలు వేసిరి. అరచేతి యంత యున్న యీ పలకకు అంత పెద్ద సంఖ్య యెట్లు వచ్చినదని యొకరు. దీనిని పెట్టినంతనే మా కంప్యూటరులన్నియు పదిరెట్లు వేగముగా నడచునా యని మఱియొకరు. ఇంత ధనము దీనికై వెచ్చించుట యవసరమా యని, తల్లిదండ్రుల సభకు వచ్చిన పెద్దలలో నొకరు. ఈ మూడవ ప్రశ్న వేసినవారి యెడల మాకు గౌరవము హెచ్చినది. మూటికిని కలిపి సమాధానము చెప్పుటకే యీ వ్యాసము.

పెట్టెపై అచ్చువేసిన సంఖ్య ఆ కార్డునకు సాధ్యమైన వేగమే గాని మనకు లభించు వేగము కాదు. చెరువు ఎంత పెద్దదైనను పొలమునకు పారు నీరు తూము కొలదియే గదా! సర్వరులోని కార్డు, అది కూర్చుండు స్లాటు, దానినుండి బయలుదేరు తీగ, ఆ తీగ చేరు స్విచ్చి, సర్వరులోని డిస్కు, వీనిలో ఏది యిరుకైనదో దాని వేగమే తుదకు మన వేగము. అంతియగాక, తీగకు రెండు కొనలందు నున్న యంత్రములు వేగమును గూర్చి తమలో తాము ఒక యొప్పందమునకు రావలెను. ఆ యొప్పందము కుదరకున్నను కుదిరినట్లే కనబడు సందర్భ మొకటి కలదు. దానివలన ఒక పాఠశాలలో నిరపరాధులైన బాలురకు మార్కులు పోయినవి. ఆ కథ తరువాత చెప్పెదము.

ఈథర్‌నెట్ అను పేరునకు చిన్న చరిత్ర కలదు. కాంతి ప్రసరించుటకు విశ్వమంతట నిండిన 'ఈథరు' అనెడి సూక్ష్మపదార్థ మొకటి యుండవలెనని పూర్వపు శాస్త్రజ్ఞులు తలచెడివారు. 1887లో అమెరికా దేశమున మైకెల్సన్, మోర్లీ అను నిరువురు చేసిన ప్రసిద్ధ ప్రయోగమున దాని జాడ యేమియు తెలియరాలేదు. క్రమముగా ఆ యూహనే విడిచిరి. తరువాత 1973 మే 22వ తేదీన కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున రాబర్టు మెట్‌కాఫ్ అను యువకుడు, కంప్యూటరులను ఒకే తీగకు తగిలించి సంభాషింపజేయు పద్ధతిని వివరించుచు లేఖ వ్రాసి, ఆ పద్ధతికి ఈథరు పేరే పెట్టెను. ఆయన డేవిడ్ బాగ్స్ అను సహచరునితో కలిసి నిర్మించిన తొలి వ్యవస్థ సెకనుకు 2.94 మెగాబిట్టులను మోసెడిది. లేని పదార్థము పేరు ఉన్న తీగకు నిలిచిపోయినది. మెట్‌కాఫ్‌నకు 2022వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము లభించినది.

పిమ్మట వచ్చిన మార్పులను త్వరగా చెప్పుదుము. ఐఈఈఈ అను ఇంజనీర్ల సంఘము 802.3 అను సంఖ్యతో 1983లో పది మెగాబిట్టుల ప్రమాణమును నిర్ణయించినది. 1995లో నూరు మెగాబిట్టులు; 1998లో గాజుతంతువు మీదను, 1999లో మెలివేసిన రాగితీగ మీదను ఒక గిగాబిట్టు, అనగా వేయి మెగాబిట్టులు; 2002లో గాజుతంతువు మీద పది గిగాబిట్టులు; 2006లో రాగితీగ మీద అదే వేగము. 2017లో 400 గిగాబిట్టుల ప్రమాణము కూడ వెలువడినది గాని అది మహాసమాచార కేంద్రముల సంగతి. మన కార్డు 2006 నాటి ప్రమాణము ననుసరించునది. కావున ఇది క్రొత్త వింత గాదు. ధర దిగివచ్చిన పాత వస్తువు. పాఠశాలలకు అట్టిదే మేలని మా యభిప్రాయము.

ఇక ఈ కార్డు చేయు పని యెట్టిదో చూతము. కంప్యూటరు ఒక ఫైలును పంపదలచినప్పుడు దానిని ఒక్కపెట్టున పంపదు. చిన్న చిన్న తునకలు చేయును. ఒక్కొక్క తునకను ఒక కవరులో పెట్టి పంపినట్లు, ముందు చేరవలసిన కార్డు చిరునామాను, తరువాత పంపుచున్న కార్డు చిరునామాను, లోపలి సరుకు ఏజాతిదో తెలుపు గుర్తును, పిదప సరుకును, తుదకు పరీక్షాసంఖ్యను చేర్చును. దీనికి ఫ్రేము అని పేరు. చిరునామాలు ఒక్కొక్కటి ఆరు బైటులు, గుర్తు రెండు, సరుకు 46 మొదలు 1,500 వరకు, పరీక్షాసంఖ్య నాలుగు. అన్నియు కలిపి మిక్కిలి చిన్న ఫ్రేము 64 బైటులు, మిక్కిలి పెద్దది 1,518 బైటులు నగును. ప్రతి కార్డునకును దాని చిరునామా తయారగునపుడే వ్రాయబడి యుండును. అందు మొదటి సగము తయారుచేసినవారికి ఐఈఈఈ సంఘము కేటాయించినది. రెండవ సగము తయారుచేసినవారే వరుసగా వేసికొనునది.

ఆ తుది నాలుగు బైటుల పరీక్షాసంఖ్యను గూర్చి గణితము ప్రియమైనవారు తప్పక తెలిసికొనవలెను. పంపెడి కార్డు ఫ్రేములోని బిట్టులన్నిటిని ఒక పెద్ద సంఖ్యగా భావించి, ఒక విధమగు భాగహారము చేసి, శేషమును చివర వ్రాయును. పుచ్చుకొను కార్డు అదే లెక్కను మరల వేయును. శేషము కలియకున్నచో, దారిలో ఏదో చెడినదని గ్రహించి, ఆ ఫ్రేమును నోరుమెదపక పారవైచి, తన లెక్కలో దోషము ఒకటని వ్రాసికొనును. మరల పంపుమని అడుగుట దాని పని గాదు. అది పైనున్న సాఫ్ట్‌వేరు చూచుకొనవలసినదే. 'నోరుమెదపక' అను మాటను జ్ఞాపకముంచుకొనుడు. నెట్‌వర్కు చెడిపోవునపుడు అఱచి చెప్పదు, నెమ్మదించును, అంతే.

ఇప్పుడు వేగము లెక్క. ప్రతి ఫ్రేమునకు ముందు ఎనిమిది బైటుల హెచ్చరికయు, వెనుక పండ్రెండు బైటుల యెడమును ఉండవలెను. కావున పెద్ద ఫ్రేము తీగమీద 1,538 బైటుల చోటు నాక్రమించును. అనగా 12,304 బిట్టులు. సెకనుకు పది గిగాబిట్టుల చొప్పున ఇట్టి ఫ్రేములు 8,12,743 పోగలవు. ఫ్రేములన్నియు మిక్కిలి చిన్నవే యైనచో ఒక సెకనులో 1,48,80,952 రాగలవు. అప్పుడు ఒక ఫ్రేమునకును వేఱొకదానికిని నడుమ 67 నానోసెకనులకు మించి వ్యవధి లేదు. సెకనుకు మూడువందల కోట్ల అడుగులు వేయు ప్రాసెసరు ఆ లోపల వేయగలవి రెండువందల అడుగులే.

ఇందుచేతనే వేగవంతమగు కార్డు వట్టి తీగ తగిలించు గూడు కాజాలదు. పాతకాలపు కార్డు వచ్చిన ప్రతి ఫ్రేమునకును ప్రాసెసరును పిలిచెడిది. ఉత్తర మొక్కటి వచ్చినప్పుడెల్ల ప్రధానోపాధ్యాయుల గది తలుపు తట్టు బంట్రోతును ఊహించుకొనుడు. వారు ఇంక పాఠమేమి చెప్పగలరు? నేటి కార్డు వచ్చిన ఫ్రేములను తానే నేరుగా జ్ఞాపకశాలలోని వరుసగదులలో సర్దును. కొన్ని మైక్రోసెకనులు ఓపికపట్టి, కట్టగట్టి, ఒక్కసారి పిలుచును. ప్రాసెసరునకు పెక్కు కోరులున్నచో ఆ కట్టలను వానికి పంచిపెట్టును. మోతాదు తప్పకుండ చూచుకొనవలెను సుమా. మిక్కిలి యోపిక పట్టిన కార్డు, ప్రతి జవాబును ఆలస్యము చేయును. తయారుచేసినవారు పెట్టియిచ్చిన మోతాదును మార్చుటకు మాకు కారణమేదియు కనబడలేదు. కావున దానిని ముట్టలేదు.

కార్డు కొనుటకు ముందే చూడవలసినది స్లాటు. మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను స్లాటులుండును. వానిలో సమాచారము నడచు దారులను లేనులందురు. పది గిగాబిట్టులనగా సెకనుకు 1,250 మెగాబైటులు. రెండవ తరము స్లాటులో ఒక లేను మోయగలది 500 మెగాబైటులు; మూడవ తరములో సుమారు 985. కావున ఈ రెండింటిలో ఏ తరము స్లాటు నందైనను ఒక్క లేనుతో పది గిగాబిట్టులు సాగవు. నాలుగు లేనులున్నచో రెండవ తరమునందు సైతము 2,000 మెగాబైటులు వచ్చును, చాలును. ఇందొక మోసము కలదు. కొన్ని బోర్డులమీద స్లాటు చూచుటకు పొడవుగానే యుండును గాని లోపల ఒకటి రెండు లేనులకు మాత్రమే తీగలు కలిపియుండును. కార్డు చక్కగా కూర్చుండును, పనిచేయును, దీపము వెలుగును. రెండవ తరపు స్లాటులో ఒక్క లేనే కలిపియున్నచో వేగము మాత్రము నాలుగు గిగాబిట్టులు దాటదు. మన సర్వరులో రెండు పొడవైన స్లాటులు ఖాళీగా నుండెను. బోర్డుతో వచ్చిన పుస్తకమును విప్పి చూడగా, చేతికి దగ్గరగా నున్నది ఒక్క లేనుదనియు, క్రిందుగా ఇఱుకున నున్నది నాలుగు లేనులదనియు తెలిసినది. చేయి పట్టుట కష్టమైనను క్రిందిదానినే యెన్నుకొంటిమి.

అమర్చుట యనునది పావుగంట పని. సర్వరును క్రమముగా ఆపి, విద్యుత్తు ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. ఆపుటతోనే సరిపోదు, ఏలయనగా ఆపియున్నను బోర్డులో కొంత విద్యుత్తు నిలిచియుండును. మన శరీరమున చేరియున్న స్థిరవిద్యుత్తు, మనకు చురుక్కుమనక పోయినను, చిప్పులను చెఱుపగలదు. అందుచే మణికట్టునకు భూమితో కలిపిన పట్టీని కట్టుకొనుటయో, కనీసము సర్వరు ఇనుపచట్రమును ముట్టి ఆ విద్యుత్తును దింపుకొనుటయో చేయవలెను. కార్డును అంచులయందే పట్టుకొనవలెను. బంగారుపూత పండ్లను తాకరాదు. స్లాటు నందు నిలువుగా నుంచి రెండుచేతులతో సమముగా అదిమి, వెనుకటి స్క్రూను బిగింపవలెను. స్క్రూ లేకున్నను పనిచేయును గదా యని యొక బాలుడనెను. తీగ బరువు దినదినము లాగుచుండ కార్డు వంకరగా లేచును. అట్టి దోషము ఒకనాడుండును, ఒకనాడుండదు, దానిని పట్టుకొనుట దుర్లభము. రాగితీగపై పది గిగాబిట్టులు నడపు కార్డు బాగుగా వేడెక్కును కూడ. దానిపైనున్న లోహపు రెక్కలకు గాలి తగులునట్లు ప్రక్క స్లాటును ఖాళీగా విడిచితిమి.

తీగ విషయము కొంత నిదానముగా చెప్పవలసియున్నది. నెట్‌వర్కు తీగలో నాలుగు జతల రాగి తంతువులుండును. ప్రతి జతయు మెలివేయబడి యుండును. ఆ మెలిక అలంకారము గాదు. ఒక జత ప్రక్క జతకు కలిగించు అలజడి, మెలికవలన ఇరు తంతువులమీదను సమముగా పడును. పుచ్చుకొను కార్డు రెండింటికిని గల భేదమునే చదువును గనుక ఆ యలజడి కొట్టుపడిపోవును. కొనయందు తొడుగు బిగించువారు సౌకర్యమునకై మెలికను రెండంగుళములు విప్పినచో, ఆ రెండంగుళములలోను రక్షణ లేదు. నూరు మెగాబిట్టుల నెట్‌వర్కు రెండు జతలనే వాడును. గిగాబిట్టును, పది గిగాబిట్టులును నాలుగు జతలను వాడును. అందుచే ఒక జత తెగిన తీగ నూరు మెగాబిట్టులకు పనికివచ్చుచు, గిగాబిట్టునకు పనికిరాకుండును. వేయికి బదులు నూరు అని కంప్యూటరు చూపినచో మొదట తీగనే శంకింపుడు.

పది గిగాబిట్టుల కార్డు ఈ నాలుగు జతలలో ప్రతిదానిమీదను ఒకే కాలమున పంపుచును, పుచ్చుకొనుచును నుండును. ఇద్దరు ఒకరిమాట కొకరు అడ్డముగా మాటలాడుచు, ఎవరికి వారు తమ గొంతును మినహాయించి ఎదుటివాని మాట వినుట వంటిది యీ విద్య. ఒక్కొక్క జతపై సెకనుకు 80 కోట్ల సంకేతములు పోవును. ఇంత సున్నితమైన పనికి తీగ మంచిదై యుండవలెను. క్యాట్ 6 అను జాతి తీగ అనుకూల స్థితిలో 55 మీటర్ల వరకే యీ వేగమును మోయును; క్యాట్ 6ఏ జాతిది నూరు మీటర్లు. మన సర్వరునకును స్విచ్చికిని నడుమ దూరము 30 మీటర్లే. క్యాట్ 6 చాలునని చెప్పినవారును కలరు. కాని ఆ దారిలో మన తీగ మఱి కొన్ని తీగలతో కలిసి ఒకే గొట్టములో పోవలసియున్నది. కట్టలోని ప్రక్క తీగల యలజడియే క్యాట్ 6నకు ముఖ్యశత్రువు. కావున 6ఏ కొంటిమి. ఇంతకంటె దూరమునకు గాజుతంతువు శ్రేష్ఠము. అట్టిది ఎచ్చటనైన చూచినచో దాని కొనను కంటికి ఎదురుగా పెట్టి చూడకుడు. అందలి కాంతి మన కంటికి కనబడని జాతిది. కనబడదు గనుక లేదని అనుకొనరాదు.

ఇక ఒప్పందపు సంగతి. తీగ తగిలించినంతనే రెండు కొనల కార్డులును చిన్న విద్యుత్తు తట్టులతో ఒకదాని కొకటి తమ శక్తిని తెలుపుకొనును: "నాకు పది గిగాబిట్టులు వచ్చును, ఒకటి వచ్చును, నూరు మెగాబిట్టులు వచ్చును; ఒకే కాలమున పంపుచు పుచ్చుకొనగలను" అని. రెండింటికిని ఉమ్మడిగా వచ్చినవానిలో శ్రేష్ఠమైనది స్థిరమగును. రాగితీగపై గిగాబిట్టునకును, పది గిగాబిట్టులకును ఈ సంభాషణ ప్రమాణరీత్యా తప్పనిసరి. నూరు మెగాబిట్టులకు మాత్రము కోరినచో దీనిని ఆపివేసి, చేతితో వేగమును బిగింపవచ్చును. ఆ బిగింపే పెక్కు కష్టములకు మూలము.

ముందు చెప్పెదమన్న కథ యిదే. ఒక పాఠశాలలో, పేరుతో పనిలేదు, నలువది కంప్యూటరులు గల శాల యుండెను. అచ్చట సర్వరు చేరిన స్విచ్చి ద్వారమును ఎవరో యెప్పుడో నూరు మెగాబిట్టులు, ఉభయ దిశలు అని చేతితో బిగించి పోయిరి. సర్వరులో క్రొత్తగా వేసిన గిగాబిట్టు కార్డు స్వయముగా మాటలాడుకొను స్థితిలోనే యున్నది. అది తట్టినది; ఎదుటినుండి జవాబు లేదు. వచ్చుచున్న సంకేతమునుబట్టి వేగము నూరని అది కనిపెట్టగలిగినదే కాని, ఎదుటివారు ఉభయ దిశలు నడపుచున్నారో లేదో తెలిసికొనుటకు దారిలేదు. అట్టి సందేహమున, ఒకరు పంపుచుండగా వేఱొకరు ఊరకుండు పాతపద్ధతి నవలంబింపవలెనని శాసనము. ఆ కార్డు శాసనమునే పాటించినది.

ఫలితమేమి? రెండు దీపములును వెలిగినవి. ఒక్క కంప్యూటరునుండి పరీక్షించినప్పుడు సర్వరు వెంటనే పలికినది. చిన్న ఫైలులు చక్కగా చేరినవి. అందఱును తృప్తిపడిరి. ప్రయోగ పరీక్ష దినమున నలువదిమంది ఒక్కసారిగా తమ పనిని సర్వరునకు పంపగా, స్విచ్చి సర్వరు పంపుచున్నను లెక్కచేయక తానును పంపుచుండెను. సర్వరు కార్డు దానిని ఢీకొనుటగా నెంచి, తాను పంపుచున్న ఫ్రేమును నడుమనే తెంచుచుండెను. తెగిన ఫ్రేములకు శేషము కలియక స్విచ్చి వానిని పారవైచుచుండెను. పని హెచ్చినకొలది వేగము తగ్గినది. గంట మ్రోగునప్పటికి పదునేడుగురి ఫైలులు చేరలేదు. వారు పని చేయక కాలయాపన చేసిరని తలచి మార్కులు తగ్గించిరి. బాలురు చేసితిమనిరి, సర్వరు పలుకుచున్నది గదా, మఱి మిగిలినవారివి ఎట్లు చేరినవని పరీక్షకులు. ఇరువురి మాటయు న్యాయముగానే యున్నది.

మూడు వారములైన పిదప మమ్ము పిలిపించిరి. స్విచ్చి లెక్కలో శేషము కలియని ఫ్రేములు వేలకొలదిగాను, సర్వరు లెక్కలో ఆలస్యపు ఢీకొనుటలు వందలకొలదిగాను ఉండెను. ఒకవైపు అవియు, ఒకవైపు ఇవియు కనబడినచో రోగము పేరు చెప్పుటకు వేఱు పరీక్ష అక్కఱలేదు. ద్వారమును స్వయం సంభాషణకు మార్చుటకు అరనిమిషము పట్టినది. ఆ బాలుర కంప్యూటరులలో ఫైలులు వ్రాసిన గంట, నిమిషములతో సహా ఇంకను నిలిచియుండుటచే, పరీక్షకులు వానిని చూచి మార్కులను సరిచేసిరి. ఫైలులను చెఱిపివైచియున్నచో ఏమగునో!

మన సర్వరునకు తిరిగివత్తము. కార్డు, తీగ, స్విచ్చి సిద్ధమైన పిదప డ్రైవరు అను సాఫ్ట్‌వేరును ఎక్కింపవలెను. ఇది కార్డు భాషను సర్వరునకు తెలుపు దుబాసీ. తయారుచేసినవారు ప్రకటించిన దానినే తెచ్చుకొనుట క్షేమము. క్రొత్త కార్డునకు క్రొత్త చిరునామా యుండును గనుక సర్వరు దానిని పరాయిదానిగానే చూచును; పాత కార్డునకిచ్చిన ఐపీ సంఖ్యను అచ్చటినుండి తొలగించి దీనికి మరల ఇవ్వవలెను. రెండింటికిని ఒకే సంఖ్య యుంచుట కలహమునకు కారణము. విద్యార్థుల కంప్యూటరులలో ఎన్నడైన 169.254తో మొదలగు సంఖ్య కనబడినచో, సంఖ్యలు పంచిపెట్టు సర్వరు దానికి పలుకలేదనియు, అది తనకు తానే యొక సంఖ్యను పెట్టుకొన్నదనియు తెలిసికొనుడు. పెద్ద ఫ్రేముల సౌకర్యము, అనగా 1,500నకు బదులు 9,000 బైటుల సరుకు నెత్తునది, ఈ కార్డునందు కలదు. అది 802.3 ప్రమాణములోనిది గాదు. దారిలోని యంత్రములన్నియు అంగీకరింపవలెను. మన ప్రింటరులు అంగీకరింపవు. కావున వాడలేదు.

పిమ్మట కొలత. ఐపెర్ఫ్ అను ఉచిత సాధనముతో మొదట ఒక కంప్యూటరునుండి సర్వరునకు పంపిచూచితిమి. సెకనుకు 941 మెగాబిట్టులు వచ్చినది. వేయి ఏల రాలేదని అడిగిరి. ఫ్రేము తీగపై ఆక్రమించు 1,538 బైటులలో అసలు సరుకు 1,448 మాత్రమే. మిగిలినది చిరునామాలకును, ఎడములకును, ఇతర గుర్తులకును పోవును. లెక్కవేసినచో నూటికి 94 చొప్పున వచ్చును. కొలతయు లెక్కయు కలిసినవి. తరువాత పదిమంది పది కంప్యూటరులయొద్ద కూర్చుండి ఒక్కసారి మొదలిడగా, పదింటను ప్రతిదానికిని 930కి తగ్గలేదు. ఇరువదింట మొదలిడగా ఒక్కొక్కదానికి సుమారు సగమైనది. పాత గిగాబిట్టు కార్డుతో అదే ఇరువదింటికి ఒక్కొక్కదానికి 47 మాత్రమే వచ్చియుండెడిది.

రెండవ ప్రశ్నకు సమాధానము ఇందే యున్నది. ఏ విద్యార్థి కంప్యూటరును పదిరెట్లు వేగము కాలేదు. దాని తీగ నేటికిని గిగాబిట్టుదే. అందఱును ఒక్కసారి అడుగునపుడు మాత్రము ఎవరి వంతు వారికి పెరిగినది. మూడవ ప్రశ్న వేసిన పెద్దలకు ఈ లెక్కను చూపితిమి: 600 మెగాబైటుల పాఠ్యచిత్రమును నలువదిమందికి అందించుటకు 24,000 మెగాబైటులు పోవలెను. గిగాబిట్టు తీగపై అది మూడు నిమిషములకు పైమాట. పది గిగాబిట్టులపై ఇరువది సెకనులు. నలువది నిమిషముల పీరియడులో మూడు నిమిషములు పెద్దవి కావని వారనిరి. నిజమే. అయితే అట్టి పీరియడులు దినమునకు ఆరు. అంతకంటె ముఖ్యము, పరీక్ష దినమున గంట మ్రోగెడి నిమిషము. కార్డు ఒక్కటే కొని తీగను, స్విచ్చిని మార్చకున్నచో ఆ ధనము వ్యర్థమనియు వారికి చెప్పితిమి.

ఇంకొక తూము మిగిలియున్నది. మన సర్వరు డిస్కు తిరుగుడు పళ్ళెముల జాతిది. సెకనుకు 150 మెగాబైటులకు మించి వ్రాయదు. అనగా ఒక గిగాబిట్టునకు కొంచెము పైన. ఒకే పాఠ్యచిత్రమును నలువదిమందికి ఇచ్చునపుడు సర్వరు దానిని ఒకసారి డిస్కునుండి చదివి జ్ఞాపకశాలలో ఉంచుకొనును గనుక ఇబ్బంది లేదు. నలువదిమంది నలువది వేర్వేరు ఫైలులను పంపునపుడు డిస్కు వెనుకబడును. వచ్చు సంవత్సరమునకు చిప్పుల జాతి డిస్కు కోరుచు విన్నపము పంపియున్నాము.

సర్వరు ప్రక్కన మేకునకు ఒక పుస్తకమును వ్రేలాడదీసితిమి. ప్రతి సోమవారమును తొమ్మిదవ తరగతివారు ఇద్దరు వచ్చి, కార్డు ఏ వేగమున కుదిరినదో, ఉభయ దిశలు నడచుచున్నవో లేదో, శేషము కలియని ఫ్రేములు ఎన్నో చూచి వ్రాయుదురు. ఈ ప్రమాణమునందు లక్షకోట్ల బిట్టులకు ఒక తప్పు వరకు సహింపదగినదే. ఎడతెగక నిండు వేగమున నడచినచో అది నూరు సెకనుల కొకటి. మనది అంతగా నడువదు గనుక పదివారములు వరుసగా సున్నయే వ్రాసిరి. పదునొకండవ సోమవారమున 214 అని వచ్చినది. వ్రాసిన బాలికలు ఇద్దరును తీగ వెంబడి గోడను పట్టుకొని నడచి, గది ఊడ్చునప్పుడు జరిపిన బీరువా కాలు తీగను నొక్కుచుండుట చూచిరి. బీరువాను జరిపి, నలిగిన తీగకు బదులు క్రొత్తది వేయించితిమి. తరువాతి సోమవారమునను 214 అనియే యున్నది.